ఫైలు మనం తెరవలేదు, మరెవరు తెరిచారు?

“తెలియని ఫైలు తెరవొద్దన్నారు, తెరవలేదు. ఆ మెయిలు మొహం కూడా చూడలేదు. కంప్యూటర్లో యాంటీవైరస్ ఉంది, డబ్బు కట్టి కొన్నదే. అయినా వైరస్ ఎక్కిందంటే ఎలా ఎక్కినట్టు?”

కంప్యూటర్ భద్రత గురించి నాలుగు మాటలు మొదలుపెడితే చాలు, ఎవరో ఒకరు ఈ ప్రశ్న అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. పాతబడ్డ విండోస్, ఎవరో తెచ్చి పెట్టిన పెన్‌డ్రైవ్, ఏళ్ల తరబడి అప్‌డేట్ చేయని బ్రౌజర్... చాలాసార్లు కారణం వీటిలోనే దొరుకుతుంది. ఎవరూ అనుమానించని జవాబు ఇంకొకటి ఉంది. ఆ ఫైలును మీరు తెరవని మాట నిజమే, కానీ మీ తరఫున యాంటీవైరస్ తెరిచింది. తెరిచి చదివింది. చదువుతూ చదువుతూ తానే దెబ్బతింది.

ఇది ఊహించి రాస్తున్నది కాదు. 2016లో సిమాంటెక్, 2017లో మైక్రోసాఫ్ట్ తమ యాంటీవైరస్‌లలో సరిగ్గా ఇలాంటి లోపాలున్నాయని ఒప్పుకుని దిద్దుకున్నాయి. రక్షణ కోసం పెట్టుకున్నదే కన్నం వేసే చోటుగా ఎలా మారుతుందో చూద్దాం.

కాపలా కాయడమంటే చదవడమే

బయటి నుంచి ఒక ఫైలు కంప్యూటర్లోకి వచ్చి డిస్కు మీద పడగానే, దాన్ని ఏ ప్రోగ్రామూ ముట్టుకోకముందే యాంటీవైరస్ అడ్డంపడి చూస్తుంది. మెయిలుతో వచ్చిన జోడింపు కావచ్చు, వెబ్‌సైటు చూస్తున్నప్పుడు బ్రౌజర్ తనకోసం దాచుకున్న బొమ్మ కావచ్చు. మనకు తెలియకుండా వచ్చిపోయే ఇలాంటి ఫైళ్లన్నీ దాని కళ్లముందు నుంచే నడవాలి.

చూడడమంటే పైపైన తడిమి వదిలేయడం కాదు. జిప్ ఫైలైతే విప్పాలి. అందులో ఇంకో జిప్ ఉంటే దాన్నీ విప్పాలి. పీడీఎఫ్, వర్డ్ ఫైలు, ఆర్ఏఆర్ మూట, ఇప్పుడెవరూ వాడని పాతకాలపు మూటలు, దేన్ని ఎలా చదవాలో దానికి తెలిసి ఉండాలి. వైరస్ రాసేవాళ్లు దాచిపెట్టేది అలాంటి మూలల్లోనే మరి. కొన్ని ప్రోగ్రాములను చదివితే సరిపోదు, నడిపి చూస్తేగాని గుట్టు బయటపడదు. అందుకని యాంటీవైరస్ తనలోనే ఎమ్యులేటర్ అనే ఉత్తుత్తి కంప్యూటర్‌ను కట్టుకుని, అనుమానం ఉన్న ప్రోగ్రామును అందులో కాసేపు నడిపిస్తుంది.

ఇంత పని చేయడానికి అంత అధికారమూ కావాలి. విండోస్‌లో మనం వాడే ఖాతా కన్నా పైన ‘సిస్టమ్’ అనే ఖాతా ఉంటుంది. యాంటీవైరస్ నడిచేది దాని పేరు మీదే. కొంత భాగం ఇంకా లోతున, కెర్నల్ అనే అన్నిటికన్నా లోపలి పొరలో ఉంటుంది. అక్కడ తప్పు జరిగితే ఆపేవాళ్లు ఎవరూ ఉండరు.

ఇందులో ప్రమాదం ఎక్కడుందో తెలియాలంటే ఒక కలెక్టరాఫీసును ఊహించుకోండి. వచ్చే ప్రతి ఉత్తరం ముందు తపాల్ సెక్షన్ గుమాస్తా చేతికే వస్తుంది. కవరు చించి, చదివి, మంచిదైతే లోపలికి పంపుతాడు, చెడ్డదైతే పక్కన పడేస్తాడు. ఏ భాషలో ఉత్తరం వచ్చినా చదవాలి కాబట్టి అతనికి అన్ని భాషలూ నేర్పారు. ఏ గదైనా వెతకాల్సి రావచ్చు కాబట్టి స్ట్రాంగ్ రూముతో సహా అన్ని గదుల తాళాలూ అతని చేతికే ఇచ్చారు. అతని బల్ల మీద రెండు ట్రేలు పక్కపక్కనే ఉంటాయి. ఒకటి వచ్చిన ఉత్తరాలకు. రెండోది కలెక్టరుగారు సంతకం పెట్టి పంపిన ఉత్తర్వులకు. రెండో ట్రేలో ఏ కాగితం ఉన్నా ఎందుకని అడగకుండా అమలు చేయడం అతని డ్యూటీ.

ఒకరోజు ఒక కవరు వస్తుంది. పైన ‘లోపల పది కాగితాలు’ అని రాసి ఉంటుంది. గుమాస్తా ట్రేలో పది కాగితాలు పట్టేంత చోటు చేస్తాడు. కవరులో ఉన్నవి పదిహేను. లెక్క చూసుకోకుండా కవరు బోర్లిస్తాడు. ఎక్కువైన అయిదూ జారి పక్క ట్రేలో పడతాయి. మరుక్షణం ఆ ట్రేలోంచి పై కాగితం తీస్తాడు. స్ట్రాంగ్ రూము తెరిచి, తాళాలు కిటికీలోంచి బయటికి విసిరేయమని అందులో ఉంటుంది. విసిరేస్తాడు.

గుమాస్తా లంచం తినలేదు, ఎవరితోనూ కుమ్మక్కు కాలేదు. ఒక్కచోట లెక్క చూసుకోలేదు, అంతే. కంప్యూటర్ వాళ్లు బఫర్ ఓవర్‌ఫ్లో అనే ఈ పొంగిపొర్లుడు యాభై ఏళ్లుగా తెలిసిన తప్పే. అయినా సీ, సీ ప్లస్ ప్లస్ భాషల్లో రాసిన ప్రోగ్రాముల్లో పదేపదే దొర్లుతుంది. ఎన్ని రకాల ఫైళ్లు చదవడం నేర్పితే ఈ తప్పు దొర్లడానికి అన్ని చోట్లు. యాంటీవైరస్ అంతగా చదివే ప్రోగ్రాములు కంప్యూటర్లో చాలా అరుదు.

సిమాంటెక్‌లో దొరికింది

గూగుల్‌లో ప్రాజెక్ట్ జీరో అనే బృందం ఉంది. ఎవరి సాఫ్ట్‌వేర్ అని చూడకుండా లోపాలు వెతికి ఆ కంపెనీలకు చెప్పడం వీళ్ల పని. అందులో టావిస్ ఆర్మండీ అనే పరిశోధకుడు ఏళ్ల తరబడి యాంటీవైరస్‌ల మీదే కన్నేశాడు. సోఫోస్, ఈసెట్, కాస్పర్‌స్కీ, ట్రెండ్ మైక్రో, కొమోడో, అవాస్ట్... అతను తడిమిన చోటల్లా ఏదో ఒకటి దొరికింది.

2016లో అతను సిమాంటెక్ వాళ్ల ఇంజను తీసుకున్నాడు. నార్టన్ పేరుతో ఇళ్లకూ, ఇతర పేర్లతో ఆఫీసులకూ ఆ కంపెనీ అప్పట్లో అమ్మిన సరుకంతటిలో అదే ఇంజను. ప్రోగ్రాములను కుదించి చిన్నవిగా చేసే ఏఎస్‌ప్యాక్ అనే సాధనం ఒకటుంది. వైరస్‌ను దాచడానికి నేరగాళ్లు దాన్ని వాడతారు కాబట్టి, అలా కుదించిన ప్రోగ్రామును విప్పి చదవడం సిమాంటెక్ ఇంజనుకు నేర్పారు. ప్రతి ప్రోగ్రాము ఫైలు మొదట్లోనూ కొన్ని అంకెలుంటాయి. మొత్తం ప్రోగ్రాముకు మెమరీలో ఎంత చోటు కావాలో ఒక అంకె చెబుతుంది. ఫైలులో ఒక భాగం తాలూకు సరుకు ఎంతుందో ఇంకో అంకె చెబుతుంది. ఇంజను మొదటి అంకె చూసి చోటు కేటాయించి, రెండో అంకె చూసి సరుకు పోసింది. రెండోది మొదటిదానికన్నా పెద్దదైతే? ఆ ప్రశ్న ఎవరూ వేసుకోలేదు. మన గుమాస్తా కథ అక్షరాలా ఇదే.

ఇంకా ఘోరమేమిటంటే, విండోస్‌లో ఈ విప్పే పని కెర్నల్‌లో జరుగుతోంది. దొంగ పంపిన ఫైలును విప్పడానికి అంతకన్నా ప్రమాదకరమైన చోటు కంప్యూటర్లో లేదు. అలాంటి ఫైలును మెయిలులో పంపితే చాలు. అవతలివాళ్లు దాన్ని తెరవక్కర్లేదు, ఏ లింకూ నొక్కక్కర్లేదు.

ఈ లోపాన్ని సిమాంటెక్‌కు తెలియజేసేటప్పుడు జరిగింది వింటే విషయం ఎంత తీవ్రమో తెలుస్తుంది. ఆర్మండీ నమూనా ఫైలును జిప్ చేసి, పాస్‌వర్డ్ పెట్టి పంపాడు. యాంటీవైరస్ రంగంలో ఇలాంటి నమూనాలకు అందరూ ‘ఇన్ఫెక్టెడ్’ అనే పాస్‌వర్డే పెడతారు. సిమాంటెక్ మెయిల్ సర్వరు ఆ పాస్‌వర్డును తానే ఊహించి, జిప్ విప్పి, లోపలి ఫైలు చదివి కూలిపోయి ఉంటుందని అతను రాశాడు. ఎందుకంటే ఆ ఉత్తరం వాళ్లకు అందనే లేదు. రెండోసారి ఎవరూ ఊహించలేని పాస్‌వర్డు పెట్టి పంపాల్సి వచ్చింది.

ఈ ఇంజనులో బయటివాళ్లు రాసి ఉచితంగా ఇచ్చిన కోడు కూడా ఉంది. దాన్ని రాసినవాళ్లు ఎప్పటికప్పుడు లోపాలు దిద్దుకుంటూ వచ్చారు. సిమాంటెక్ మాత్రం తన దగ్గరున్న ప్రతిని కనీసం ఏడేళ్లుగా మార్చలేదు. అప్‌డేట్ చేసుకోండని లోకానికంతా చెప్పే కంపెనీ ఇలా ఉండడం నాకు క్షమించరానిదిగా తోస్తుంది. మనుషులు డబ్బుతో పాటు నమ్మకం కూడా ఇచ్చి కొనుక్కున్న సరుకు అది.

ఒక్క వాక్యంతో కూలిన ఇంజను

మరుసటి ఏడాది మే నెలలో ఆర్మండీ, అదే బృందంలోని నటాలీ సిల్వనోవిచ్ కలిసి ఇంకా పెద్దది పట్టుకున్నారు. ఈసారి విండోస్‌తో పాటే ఉచితంగా వచ్చే డిఫెండర్‌లో. విండోస్ 8, 10 కంప్యూటర్లన్నిటికీ ముట్టే విషయం. ఈమధ్య కాలంలో విండోస్‌లో ఇంత చెడ్డ లోపం చూడలేదని ఆర్మండీ ట్విటర్‌లో రాశాడు.

డిఫెండర్ లోపల జావాస్క్రిప్ట్ భాషను నడిపి చూసే భాగం ఒకటి ఉంది. డిస్కు మీదికి వచ్చే ఏ ఫైలైనా జావాస్క్రిప్ట్‌లా కనిపిస్తే, దాని పేరు చివర ఏముందన్నది చూడకుండా ఈ భాగం నడిపి చూస్తుంది. జావాస్క్రిప్ట్‌లో ఏదైనా పొరపాటు జరిగితే ‘ఎర్రర్’ అనే వస్తువు తయారవుతుంది, అందులో సందేశానికి ఒక గడి ఉంటుంది. ఆ గడిలో ఉండాల్సింది మాటలు. అక్కడ మాటలకు బదులు ఒక అంకె పెడితే ఏమవుతుందో ఇద్దరూ చూశారు. ఆ గడిలో ఏముందో ఇంజను పరీక్షించలేదు. అంకెను మెమరీలో ఒక చిరునామా అనుకుని, సందేశం అక్కడుంటుందని వెతుక్కుంటూ పోయింది. అంటే ఎక్కడికి పోవాలో ఫైలు పంపినవాడే చెప్పగలడు. దీన్ని చూపించడానికి ఒక్క వాక్యమంత కోడు సరిపోయింది.

ఆ కోడున్న ఫైలును దింపుకుంటే డిఫెండర్ వెంటనే కూలిపోతుందనీ, ఈ నివేదికను విండోస్ వాడేవాళ్లకు పంపేటప్పుడు జాగ్రత్తగా ఉండాలనీ నివేదికలోనే హెచ్చరిక రాశారు. దారిలో ఉన్న మైక్రోసాఫ్ట్ మెయిల్ సర్వర్లు కూడా దాన్ని చదువుతాయి మరి. మైక్రోసాఫ్ట్ మాత్రం మెచ్చుకోదగ్గ పని చేసింది. రోజుల వ్యవధిలో, 2017 మే 8న దిద్దుబాటు విడుదల చేసింది. డిఫెండర్ ఇంజను తనంతట తాను అప్‌డేట్ అవుతుంది కాబట్టి చాలామంది కంప్యూటర్లలో ఈ కన్నం పూడిపోయిందని వాళ్లకు తెలియనే తెలియదు.

పరిశోధకులు ముందే పట్టుకున్నారు కాబట్టి సరిపోయింది, నేరగాళ్లు ఇలాంటివి వాడుకున్న సందర్భాలున్నాయా అంటే ఉన్నాయి. 2004 మార్చిలో విట్టీ అనే పురుగు ఇంటర్నెట్ సెక్యూరిటీ సిస్టమ్స్ కంపెనీ రక్షణ సాఫ్ట్‌వేర్‌లోని లోపం బయటపడిన మరుసటి రోజుకే వచ్చిపడింది. నెట్‌వర్క్ మీద వచ్చే సమాచారాన్ని ఆ సాఫ్ట్‌వేర్ చదివే తీరులో ఉంది తప్పు. ఒకే ఒక్క పొట్లంలో ప్రయాణించిన ఆ పురుగు సుమారు 12,000 కంప్యూటర్లను పట్టి, వాటి డిస్కుల్లో ఉన్నదాన్ని చెరిపేసుకుంటూ పోయింది. ఆ రక్షణ సాఫ్ట్‌వేర్ లేని కంప్యూటర్‌ను అది ఏమీ చేయలేకపోయింది. జపాన్‌లోని మిత్సుబిషి ఎలక్ట్రిక్ 2019లో పసిగట్టిన చొరబాటులో కూడా దొంగలు యాంటీవైరస్‌లో అప్పటికి దిద్దని లోపం గుండానే వచ్చారు.

అప్‌డేట్ వచ్చే దారి

గుమాస్తాకు ఉత్తరాలతో పాటు పైనుంచి కొత్త సూచనలు కూడా వస్తుంటాయి. యాంటీవైరస్‌కు రోజుకు అనేకసార్లు వచ్చే అప్‌డేట్లు అవే. వాటిని అది అనుమానించదు. కాబట్టి ఆ దారిలో కాపుకాస్తే దొంగకు ఇంకా సుఖం.

మన దేశంలో తయారయ్యే ఈస్కాన్ యాంటీవైరస్ విషయంలో ఇదే జరిగింది. దాని అప్‌డేట్లు ఏళ్ల తరబడి హెచ్‌టీటీపీ మీద, అంటే దారిలో ఎవరైనా చూసి మార్చగల పద్ధతిలో వెళ్లేవి. నెట్‌వర్క్‌లో మధ్యన మాటేసిన ఒక ముఠా అసలు అప్‌డేట్ తీసేసి తమ మూటను పెట్టింది. ఆ మూటలోని కోడు పీఎన్‌జీ బొమ్మల్లో దాక్కుని వచ్చేది. కొన్ని కంప్యూటర్లలో ఇది రహస్యంగా క్రిప్టో నాణేలు తవ్వే ప్రోగ్రామును కూర్చోబెట్టింది. పెద్ద సంస్థల నెట్‌వర్కుల్లోనైతే దొడ్డిదారులు తెరిచింది. అవాస్ట్ పరిశోధకులు దీన్ని కనిపెట్టి గుప్తిమైనర్ అని పేరు పెట్టారు. కంపెనీకీ, మన ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కూ చెప్పారు. లోపం దిద్దామని 2023 జులై 31న ఈస్కాన్ తెలిపింది. వివరాలు 2024 ఏప్రిల్‌లో బయటికొచ్చాయి.

దొంగ అక్కర్లేకుండానే ఈ దారిలో ఎంత నష్టం రాగలదో అదే ఏడాది జులై 19న లోకమంతా చూసింది. క్రౌడ్‌స్ట్రైక్ కంపెనీ భద్రతా సాఫ్ట్‌వేర్‌కు ఆ ఉదయం మన కాలమానం ప్రకారం 9:39కి ఒక చిన్న సమాచార ఫైలు వచ్చింది. అందులోని పద్ధతికి 21 విలువలు కావాలి, ప్రోగ్రాము ఇచ్చేది 20. లేని ఇరవై ఒకటోదాన్ని వెతుక్కుంటూ మెమరీలో తనది కాని చోటికి వెళ్లింది. అది జరిగింది కెర్నల్‌లో కాబట్టి విండోస్ మొత్తం కూలిపోయింది. మళ్లీ ఆన్ చేస్తే మళ్లీ అదే ఫైలు చదివి మళ్లీ కూలింది. 10:57కల్లా కంపెనీ ఆ ఫైలును వెనక్కి తీసుకుంది. అప్పటికే 85 లక్షల కంప్యూటర్లు నీలిరంగు తెర చూపిస్తున్నాయి. చాలావాటి దగ్గరికి మనిషి వెళ్లి, సేఫ్ మోడ్‌లో తెరిచి, ఆ ఫైలును చేత్తో చెరపాల్సి వచ్చింది. హైదరాబాద్ నుంచి కోల్‌కతా వెళ్లే ఇండిగో విమానానికి చేత్తో రాసిచ్చిన బోర్డింగ్ పాస్ ఫొటో ఆ రోజు దేశమంతా తిరిగింది.

తాళాలు లేని గదిలో చదివించడం

ఎంత జాగ్రత్తగా రాసినా తప్పులు దొర్లుతూనే ఉంటాయి. కాబట్టి తప్పు దొర్లినా నష్టం రాకుండా చూడడమే మార్గం. గుమాస్తా దగ్గర తాళాలు తీసేసుకుని, ఉత్తరాలు చదివే పని మాత్రం బయట ఒక చిన్న గదిలో కూర్చోబెట్టి చేయించాలి. ఆ గదికి ఒక్కటే చిన్న కిటికీ. అందులోంచి ‘మంచిది’, ‘చెడ్డది’ అన్న చీటీ తప్ప ఇంకేదీ రాకూడదు. ఏ ఉత్తరమో అతన్ని లోబరుచుకున్నా చేతిలో తాళాలుండవు. ఈ ఏర్పాటునే శాండ్‌బాక్స్ అంటారు.

క్రోమ్ బ్రౌజర్ 2008లో పుట్టినప్పటి నుంచి ఇలాగే పనిచేస్తోంది. పీడీఎఫ్‌లు చదివే అడోబీ రీడర్ 2010లో ఈ పద్ధతికి వచ్చింది. అందరికన్నా ముందు చేయాల్సిన యాంటీవైరస్‌లు అందరికన్నా వెనకబడ్డాయి. డిఫెండర్‌ను శాండ్‌బాక్స్‌లో పెట్టగలిగామని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది 2018 అక్టోబరులో. అప్పుడు కూడా అది తనంతట తాను అమలవలేదు, కావాలనుకున్నవాళ్లు ఆన్ చేసుకోవాల్సి వచ్చేది. చదివే పనినీ శుభ్రం చేసే పనినీ విడగొట్టడం, అయినా కంప్యూటర్ నెమ్మదించకుండా చూడడం నిజంగానే కష్టం. కానీ ఈ కష్టాన్ని పదేళ్ల ముందే మొదలుపెట్టి ఉండాల్సింది.

అవాస్ట్ ఇంకో దారి పట్టింది. వాళ్ల జావాస్క్రిప్ట్ ఎమ్యులేటర్ పూర్తి అధికారంతో, శాండ్‌బాక్స్ లేకుండా నడుస్తోందని ఆర్మండీ 2020 మార్చిలో బయటపెట్టగానే, ఆ భాగాన్నే ఆపేశారు. మిగతా రక్షణ పొరలున్నాయి కాబట్టి అది లేకున్నా ఇబ్బంది లేదన్నారు. అవసరం లేని పరీక్షకు అంత అధికారం ఎందుకిచ్చినట్టో!

కెర్నల్ నుంచి ఈ సాఫ్ట్‌వేర్‌లను బయటికి పంపే ప్రయత్నానికి పెద్ద చరిత్రే ఉంది. 2006లో విస్టా వస్తున్నప్పుడు మైక్రోసాఫ్ట్ కెర్నల్‌కు తాళం బిగించబోతే సిమాంటెక్, మెకాఫీ కంపెనీలు బహిరంగంగా పోట్లాడాయి. మమ్మల్ని బయటపెడితే జనాన్ని ఎలా కాపాడతామన్నాయి. అందులో కొంత నిజం ఉంది. కెర్నల్‌లోకి దూరిన వైరస్‌ను బయటి నుంచి పట్టడం కష్టం. ఆపిల్ మాత్రం 2019లో మాక్ ఓఎస్ కాటలీనాతో భద్రతా సాఫ్ట్‌వేర్ కెర్నల్ బయటి నుంచే పనిచేసే వీలు కల్పించి, లోపలికి వచ్చే పాత దారిని మూసేయడం మొదలుపెట్టింది. క్రౌడ్‌స్ట్రైక్ దెబ్బ తర్వాత మైక్రోసాఫ్ట్ కూడా అటే అడుగేస్తోంది.

ఇంట్లో కంప్యూటర్ మాటేమిటి

2017 జనవరిలో ఫైర్‌ఫాక్స్ మాజీ ఇంజినీరు రాబర్ట్ ఓకాలహన్ ఒక సలహా ఇచ్చాడు. మైక్రోసాఫ్ట్‌ది తప్ప మిగతా యాంటీవైరస్‌లను తీసేయమని. దాని మీద పెద్ద వాదం నడిచింది. అప్‌డేట్ అవుతున్న విండోస్ ఉన్న ఇంటివరకు ఆ సలహా సరైనదేనని నా అభిప్రాయం.  ఉన్న ఒక్కదాన్నీ ఆపేయడం మాత్రం ఇంకా పెద్ద ప్రమాదం. పైన చెప్పిన లోపాలతో దాడి చేయడానికి గట్టి నేర్పు కావాలి. మామూలు వైరస్‌లు పెన్‌డ్రైవ్‌లలో రోజూ తిరుగుతూనే ఉన్నాయి. క్రాక్ చేసిన యాంటీవైరస్‌నైతే ఉచితంగా పెడతామన్నా ఒప్పుకోకండి. సిస్టమ్ అధికారం మొత్తాన్ని ముక్కూమొహం తెలియనివాడి చేతిలో పెట్టడమే అది.

ల్యాప్‌టాప్ కొన్నప్పుడు దాంతో వచ్చి, గడువు తీరిపోయి, రోజూ డబ్బు కట్టమని అడిగే యాంటీవైరస్ ఒకటి చాలామంది దగ్గర ఉంటుంది. దాన్ని తీసేయండి, డిఫెండర్ తనంతట తాను మేలుకుంటుంది. తీసేటప్పుడు ఆ కంపెనీ వెబ్‌సైటులో ఇచ్చే తొలగింపు ప్రోగ్రాము వాడండి. మామూలు పద్ధతిలో తీస్తే కెర్నల్‌లో నడిచే డ్రైవర్లు ఒక్కోసారి అలాగే మిగిలిపోతాయి. పాత డ్రైవర్లంటే నేరగాళ్లకు ఎంత ఇష్టమో 2022లో తెలిసింది. అవోస్‌లాకర్ అనే ముఠా అవాస్ట్ వాళ్ల పాత డ్రైవర్‌ను తమ వెంటే తెచ్చుకుని, దాని చేతనే ఇతర రక్షణ సాఫ్ట్‌వేర్‌లను ఆపించింది. డ్రైవర్ మీద అసలైన డిజిటల్ సంతకం ఉంది కాబట్టి విండోస్ దాన్ని లోపలికి రానిచ్చింది. ఆ ఏడాది వచ్చిన విండోస్ 11 అప్‌డేట్ నుంచి లోపాలున్న డ్రైవర్ల పట్టికను విండోస్ తనంతట తానే ఆన్‌లో ఉంచుతోంది, అందులో పేరున్న డ్రైవర్‌ను సంతకమున్నా రానివ్వదు. విండోస్ సెక్యూరిటీ తెరిచి, డివైస్ సెక్యూరిటీ కింద కోర్ ఐసొలేషన్‌లోకి వెళితే ఆ పట్టిక ఆన్‌లో ఉందో లేదో కనిపిస్తుంది.